విజ్ఞాన ప్రచారంలో చిత్రకళ: నాంపల్లి అజంతా నకళ్లు నేర్పే పాఠం

ఒక విషయాన్ని తెలుసుకోవడం ఒక పని. తెలుసుకున్నదానిని తెలియనివారికి చెప్పి, వారిచేత అవుననిపించి, అందుకు తగిన కార్యం చేయించడం మరొక పని. మొదటిదానికి పరిశోధన కావాలి. రెండవదానికి మాటనేర్పు కావాలి. మాట చాలనిచోట బొమ్మ కావాలి. బొమ్మ కూడా చాలనిచోట పాటో, కథో, నాటకమో కావాలి. వైద్యుడు, ఇంజనీరు, వ్యవసాయాధికారి, పురాతత్త్వవేత్త ఎవరి వృత్తి వారిదే అయినా, ఈ రెండవ పని అందరికీ తప్పనిది. అందువల్లనే ప్రతి శాస్త్రమూ ఎప్పుడో ఒకప్పుడు కళను ఆశ్రయిస్తుంది.

ఇట్లా ఆశ్రయించి తెచ్చుకున్న బొమ్మను ఎట్లా అంచనా వేయాలి అన్నదే ప్రశ్న. బొమ్మ కంటికి ఇంపుగా ఉంటే చాలునని కొందరి అభిప్రాయం. విషయం తప్పు లేకుండా ఉంటే చాలు, అందంతో పని లేదని మరికొందరి అభిప్రాయం. ఈ రెండూ సగం సగం నిజాలే. విజ్ఞానం కోసం గీసిన బొమ్మ చూసేవానిని ఆకర్షించాలి. ఆకర్షించిన తరువాత అతనిని మోసగించరాదు. ఈ రెండు ధర్మాలూ ఒకదానితో ఒకటి పెనుగులాడుతూ ఉంటాయి. ఆ పెనుగులాట స్పష్టంగా కనిపించే ఉదాహరణ హైదరాబాదు నగరంలోనే, నాంపల్లిలో ఉన్నది.

ఔరంగాబాదు గోడలు, హైదరాబాదు బొమ్మలు

నాంపల్లిలో శాసనసభా భవనాన్ని ఆనుకొని ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌ను వెనుకటివారు బాగే ఆమ్ అనేవారు. ఆ తోటలోనే రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. ఆ భవనం 1920లో కట్టినది. 1930 దశకం ఆరంభంలో దానిని మ్యూజియంగా ప్రజలకు తెరిచారు. శిల్పాలు, నాణేలు, ఆయుధాలు, వ్రాతప్రతులతోపాటు ఆ మ్యూజియం సేకరణలో అజంతా కుడ్యచిత్రాల నకళ్లు కూడా ఉన్నవి.

మహారాష్ట్రలోని గుహల బొమ్మలకు నాంపల్లిలో ఏమి పని అని విద్యార్థులు అడగవచ్చు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు ఔరంగాబాదు ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో భాగం. కనుక అజంతా గుహల బాగోగులు చూసే బాధ్యత నిజాం ప్రభుత్వానిది. ఆ ప్రభుత్వం 1914లో పురావస్తుశాఖను ఏర్పరచి, గులాం యజ్దానీని దానికి అధిపతిగా నియమించింది. హైదరాబాదు చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ అజంతాలో ఏండ్ల తరబడి పనిచేసి, తరువాత ఆ గుహలకు క్యూరేటరు కూడా అయినాడు. ఆయనవంటి చిత్రకారుల చేతిమీదుగా ఆ గోడల రూపం ఈ నగరానికి వచ్చింది.

ఈ నకళ్లను కేవలం అలంకారంగా చూడడం పొరపాటు. ఒక వృత్తివారు తమ వాదాన్ని లోకం ముందు పెట్టడానికి వాడిన సాధనాలివి. ఆ వాదం క్లుప్తంగా ఇది: అక్కడ అపురూపమైనదొకటి ఉన్నది, అది నశించిపోతున్నది, దానిని కాపాడాలి.

గోడమీద ఏమున్నది?

ఈ వాదానికి బొమ్మే ఎందుకు కావలసివచ్చిందో తెలియాలంటే అజంతా గోడల నిర్మాణం కొంత తెలియాలి. వాఘోరా అనే చిన్న ఏరు వంపు తిరిగినచోట, నల్లని బసాల్టు కొండ చరియలో సుమారు ముప్పై గుహలు తొలిచి ఉన్నవి. వాటిలో కొన్ని క్రీస్తుకు పూర్వపువి; ఎక్కువభాగం క్రీస్తుశకం 5వ శతాబ్దిలో, వాకాటకుల కాలంలోనివి. 1819 ఏప్రిల్ 28న జాన్ స్మిత్ అనే మద్రాసు సైనికోద్యోగి వేటకు వచ్చి వీటిని చూసిన తరువాత వీటి సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది.

చిత్రకారులు తొలిచిన రాతిగోడను గరుకుగా ఉంచి, ఊకా గడ్డీ పీచూ కలిపిన మట్టిని దానిపై మెత్తారు. దానిమీద పలచగా తెల్లని పూత పూశారు. పూత ఆరిన తరువాత జిగురు కలిపిన రంగులతో బొమ్మలు వేశారు. ఎర్ర కావి, పసుపు కావి, ఆకుపచ్చ మట్టి, దీపపు మసి, తెల్ల మన్ను వారి ముఖ్యమైన రంగులు. నీలానికి మాత్రం అఫ్గనిస్తాను ప్రాంతపు లాజవర్దు రాయిని నూరి వాడారు.

ఈ పద్ధతి ఇటలీలో ప్రసిద్ధమైన ఫ్రెస్కో పద్ధతి కాదు. ఫ్రెస్కోలో సున్నం తడిగా ఉన్నప్పుడే రంగు వేస్తారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి గట్టిపడుతూ రంగును తనలో బంధించుకుంటుంది. అజంతాలో రంగును పట్టి ఉంచేది జిగురు. జిగురును పట్టి ఉంచేది మట్టి. కొండలోనుంచి నీరు ఊరితే మట్టి వదులవుతుంది. పురుగులు పీచును తింటాయి. గబ్బిలాలు, పొగ, దుమ్ము, సందర్శకుల చేతులు తమ వంతు చేటు చేస్తాయి. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది.

పురాతత్త్వవేత్త చిక్కు ఇక్కడే ఉన్నది. అతని సాక్ష్యాన్ని కదల్చడానికి వీలులేదు. గుహలోని చీకటిలో అది సరిగా కనబడదు. ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము. డబ్బు మంజూరు చేయవలసినవారు లండనులోనో హైదరాబాదులోనో కూర్చొని ఉంటారు. ఎంత గొప్ప నివేదిక వ్రాసినా, పద్మపాణి బోధిసత్త్వుని వంగిన కనుబొమ్మను మాటలతో వారికి చూపలేడు. అందుకే చిత్రకారుని పిలవవలసి వచ్చింది.

మంటలపాలైన శ్రమ

మొదట పెద్దయెత్తున నకళ్లు గీసినవాడు మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్. 1844లో ఈస్టిండియా కంపెనీ ఆయనకు ఈ పని అప్పగించింది. ఆయన రెండు దశాబ్దాలు శ్రమించి పంపిన పటాలను లండను సమీపంలోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించారు. 1866లో అక్కడ నిప్పు అంటుకొని, వాటిలో చాలాభాగం బూడిద అయినవి. తరువాత బొంబాయి కళాపాఠశాల అధ్యక్షుడు జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుంచి 1885 వరకు మళ్లీ నకళ్లు తీశాడు. అవి లండనులోని సౌత్ కెన్సింగ్టనుకు చేరినవి. 1885లో అక్కడా అగ్నిప్రమాదం జరిగి చాలా పటాలు నశించినవి. మిగిలినవాటి ఆధారంగా ఆయన గ్రంథం 1896-97లో రెండు సంపుటాలుగా వెలువడింది. జపాను చిత్రకారుడు అరాయ్ కంపో 1910 దశకంలో వచ్చి గీసుకొనిపోయిన నకళ్లు 1923లో టోక్యో భూకంపంతోపాటు వచ్చిన మంటల్లో కాలిపోయినవి.

పదిహేను వందల ఏండ్లు నిలిచిన మూలం కంటె, దానిని కాపాడడానికి గీసిన నకలే ముందుగా నశించడం విచిత్రం. అయినా ఆ శ్రమ వ్యర్థం కాలేదు. ఆ పటాలవల్ల అజంతా పేరు విద్వాంసుల గోష్ఠులలో నిలిచింది. గోడలు పాడైపోతున్నవన్న మాట పదిమందికీ చేరింది. ఆ మేరకు బొమ్మ తన వకాల్తాను నెరవేర్చిందనే చెప్పాలి.

తైలవర్ణం చేసిన మార్పు

అయితే వకాల్తా నెరవేరినంతమాత్రాన సాక్ష్యం నిక్కమని కాదు. విమర్శ మొదలుకావలసినది ఇక్కడ.

గిల్, గ్రిఫిత్స్ ఇద్దరూ కాన్వాసుమీద తైలవర్ణాలతో నకళ్లు గీశారు. నూనెరంగు నిగనిగలాడుతుంది, నీడలను లోతుగా చూపుతుంది, మెరుగు పెట్టినట్లుంటుంది. జిగురురంగు అట్లా ఉండదు. అది వెలుగును మెత్తగా వెనుకకు చిమ్ముతుంది. అజంతా చిత్రకారుని బలం నీడలో కంటె గీతలో ఉన్నది. ఒక్క విసురుతో భుజాన్నీ, మోచేతినీ, వ్రేలి కొననూ కలిపిన గీత అది. నూనెరంగు పటంలో ఆ గీత మెత్తబడి, బొమ్మ ఐరోపా చిత్రశాలలలోని పటాలకు దగ్గరి చుట్టంగా మారుతుంది.

ఇందులో ఒక గుణమూ ఒక దోషమూ కలిసి ఉన్నవి. లండను ప్రేక్షకునికి నూనెరంగు అలవాటైన భాష. పరాయి విషయాన్ని అతనికి పరిచితమైన భాషలో చెప్పడంవల్ల అతడు ఆగి చూశాడు. ఉపాధ్యాయులు పాఠం చెప్పేటప్పుడు చేసేదీ ఇదే గదా! కాని అనువాదంలో ఏది జారిపోయిందో ఆ ప్రేక్షకునికి తెలియలేదు. పటం పక్కన ఆ మాట చెప్పే సాధనం లేదు.

ఇంతకంటె పెద్ద దోషం మరొకటి జరిగింది. గుహలో బొమ్మ మసకగా ఉన్నదని, నకలు తీయడానికి స్పష్టంగా కనిపించాలని, వెనుకటి నకలుదారులు అసలు గోడమీదనే వార్నిష్ పూశారు. పూసిన వేళ రంగులు తళుక్కుమన్నవి. కాలం గడిచినకొద్దీ ఆ పూత పచ్చబడి, మురికిని పట్టి, కింది రంగును కప్పివేసింది. చెప్పే సౌలభ్యం కోసం చెప్పవలసిన వస్తువునే పాడుచేయడం విజ్ఞాన ప్రచారంలో జరగగల తప్పులన్నిటిలోనూ ఘోరమైనది.

1909 చివరినుంచి 1911 వరకు రెండు శీతకాలాలు అజంతాలో పనిచేసిన క్రిస్టియానా హెరింగ్‌హామ్ ఈ విషయంలో ఒక అడుగు ముందున్నది. ఆమె నడియుగపు ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీనీ వ్రాసిన వర్ణశాస్త్ర గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన విదుషి. గ్రుడ్డుసొన, జిగురు వంటివాటితో రంగు కలిపే పాత పద్ధతులను తన చేతులతో చేసి చూసిన చిత్రకర్త్రి. అందువల్ల గోడమీది పదార్థం ఎటువంటిదో ఆమెకు తెలుసు. ఆమె బృందంలో బెంగాలు శాఖకు చెందిన నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, సమరేంద్రనాథ్ గుప్త, మైసూరుకు చెందిన వెంకటప్ప, హైదరాబాదు తరపున సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ ఉన్నారు. వారి నకళ్లు 1915లో లండను ఇండియా సొసైటీ ద్వారా గ్రంథరూపంలో వచ్చినవి. వీరి చేతిలో గీతకు మళ్లీ పట్టం కట్టినట్లయింది. ఈ పనివల్ల లాభపడినది పురాతత్త్వం ఒక్కటే కాదు. నందలాల్ తరువాతి చిత్రాలలో కూడా అజంతా గీత జాడ కనబడుతుంది.

ఖాళీని ఖాళీగా ఉంచడం

నకలు తీసేవానికి అసలైన పరీక్ష గోడమీద బొమ్మ ఉన్నచోట కాదు, లేనిచోట. ఒక రాణి ముఖం సగం నిలిచి ఉన్నది. మిగిలిన సగం పెచ్చు ఊడిపోయింది. చిత్రకారుడు రెండు పనులలో ఒకటి చేయవచ్చు. పోయిన సగాన్ని ఊహించి పూరించవచ్చు. లేదా పెచ్చు ఊడిన మచ్చను మచ్చగానే గీయవచ్చు. మొదటి బొమ్మ అందంగా ఉంటుంది. చూసేవాడు దానిని ఎక్కువ ప్రేమిస్తాడు. రెండవ బొమ్మ గాయపడినట్లుంటుంది.

కాని యాభై ఏండ్ల తరువాత ఏమవుతుందో ఆలోచించాలి. గోడమీద మరికొంత రంగు రాలిపోతుంది. అప్పుడు పాత నకలును గోడ పక్కన పెట్టి, ఎంత పోయింది, ఎక్కడ పోయింది, ఎంత వేగంగా పోయింది అని శాస్త్రజ్ఞుడు లెక్క చూస్తాడు. నేడు గోడమీద లేని కొన్ని వివరాలు గ్రిఫిత్స్ కాలపు నకళ్లలో మిగిలి ఉన్నవి. వాటిని నమ్మవచ్చునా అన్నది ఒక్క విషయంపై ఆధారపడి ఉంటుంది: గీసినవాడు చూసినదే గీశాడా, ఊహించినది కూడా గీశాడా? ఖాళీని ఖాళీగా విడిచిన నకలు సాక్ష్యమవుతుంది. ఖాళీని గుట్టుగా పూరించిన నకలు కథ అవుతుంది. కథకు విలువ లేకపోలేదు. కాని సాక్షి బోనులో నిలబడడానికి దానికి అర్హత లేదు.

ఈ చిక్కుకు ఇటలీవారు చక్కని పరిష్కారం కనుగొన్నారు. 1939లో రోము నగరంలో స్థాపించిన కేంద్ర పరిరక్షణ సంస్థలో చెసారె బ్రాందీ నాయకత్వాన ఒక పద్ధతి రూపొందింది. పాత చిత్రంలో రంగు రాలిన భాగాన్ని సన్నని నిలువుగీతలతో నింపుతారు. దూరంనుంచి చూస్తే ఆ గీతలు కలిసిపోయి బొమ్మ నిండుగా కనబడుతుంది. దగ్గరికి వచ్చి చూస్తే, ఇది పాత చేయి కాదు, కొత్త చేయి అని ఆ గీతలే చెప్పివేస్తాయి. దూరాన ఆకర్షణ, దగ్గర నిజాయితీ! కళకూ శాస్త్రానికీ మధ్య ఇంతకన్న మంచి ఒడంబడిక ఉండబోదు.

యజ్దానీ 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా ప్రకటించిన అజంతా గ్రంథాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. ఆయన చేతి నకళ్లపై కాక ఛాయాచిత్రాలపై ఆధారపడి రంగు పలకలు అచ్చువేయించాడు. ప్రతి చిత్రానికి వివరణ చేర్చాడు. చదువరి బొమ్మనూ మాటనూ పోల్చి చూసుకోవచ్చు. అది ఆ గ్రంథపు ఘనత. ఛాయాచిత్రంలో కూడా దీపపు వెలుగు, ఫిలిము, అచ్చుసిరా తమ తమ రంగు కొంత కలుపుతాయన్నది వేరే మాట. గ్రంథానికి మరొక పరిమితి కూడా ఉన్నది. అంత పెద్ద, అంత ఖరీదైన సంపుటాలు పెద్ద గ్రంథాలయాలను దాటి రావు. బడిపిల్లవాడు తోటలోకి వచ్చి, తల ఎత్తి చూడగలిగినది మ్యూజియం గోడమీది నకలునే. కనుక ఛాయాచిత్రం సాక్షి అయితే, చేతి నకలు దుబాసీ. ఇద్దరూ పక్కపక్కన ఉన్నప్పుడే వ్యవహారం సవ్యంగా నడుస్తుంది. నకలు కింది పేరుపలకలో ఏ గుహ, ఎవరి చేయి, ఏ సంవత్సరం, ఏ రంగు, ఎంత భాగం ఊహ అన్న అయిదు సంగతులు ఉంటే, ఆ దుబాసీని ఎవరూ అనుమానించరు.

సదుద్దేశం ఒక్కటే చాలదనడానికి ఇంకొక నిదర్శనం కలదు. నిజాం ప్రభుత్వం ఇటలీనుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే నిపుణులను పిలిపించి 1920-22 మధ్య గోడలకు చికిత్స చేయించింది. వారు ఊడిపోబోతున్న పెచ్చులను తిరిగి అతికించి ఎంతో మేలు చేశారు. కాని రంగులను నిలపడానికి వాడిన లక్కపూత క్రమంగా పచ్చబడింది. తరువాతి కాలపు రసాయనశాస్త్రజ్ఞులు దానిని ఓపికతో తొలగించవలసి వచ్చింది. ఏ పూత పూశారో, ఎక్కడ పూశారో వ్రాసి ఉంచడం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తున్నది.

అబిడ్స్ దారిలో ఒక పాత ఇల్లు

పబ్లిక్ గార్డెన్స్ నుంచి నాంపల్లి స్టేషను రోడ్డు మీదుగా అబిడ్స్ వైపు నడిస్తే గోల్డెన్ త్రెషోల్డ్ అనే పాత ఇల్లు కనబడుతుంది. నిజాం కళాశాలకు మూలమైన హైదరాబాదు కళాశాలను నెలకొల్పిన అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఇల్లు అది. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర డాక్టరేటు పొందిన రసాయనవేత్త. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు కవయిత్రి; 1905లో వెలువడిన ఆమె తొలి కవితాసంపుటి పేరే ఆ ఇంటికి స్థిరపడింది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆ ఇంటిలోనే ఆరంభమయింది. నాట్యం, నాటకం, చిత్రకళ, ప్రసారశాస్త్రం కలిపి చెప్పే ఆ విశ్వవిద్యాలయపు శాఖకు ఆమె పేరే పెట్టారు.

ఒకే కప్పు కింద రసాయనశాస్త్రమూ కవిత్వమూ పెరిగిన ఈ ఇల్లు ప్రస్తుత విషయానికి దూరమైనది కాదు. 1917లో స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ భారతమంత్రి మాంటేగును కలిసిన ప్రతినిధివర్గానికి సరోజినీదేవి నాయకురాలు. ఆమె కంఠానికి ఉన్న కీర్తి తలుపులు తెరిపించింది. అయితే ప్రతినిధివర్గం మంత్రి చేతికి ఇచ్చినది పద్యం కాదు, కోర్కెలు వివరించిన విజ్ఞాపన. పిలవడం కళ పని; నిలబెట్టడం ఆధారం పని. దేని పని దానిచేత చేయించడమే ప్రచారకుని నేర్పు.

నుమాయిష్ మైదానంలో దోమ

అజంతా పేరు నాంపల్లిలో మరొకచోట కూడా వినబడుతుంది. ఎగ్జిబిషన్ మైదానపు ద్వారాలలో ఒకదానిని అజంతా గేటు అంటారు. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఆరంభించిన నుమాయిష్ 1946లో ఈ మైదానానికి మారింది. ఏటా జనవరి ఒకటవ తేదీన మొదలై సుమారు 45 రోజులు జరిగే సంత అది. బట్టలు, తినుబండారాలు, ఆటవస్తువుల నడుమ ప్రభుత్వశాఖలు కూడా తమ పటాలనూ నమూనాలనూ పెట్టడం ఆనవాయితీ. లక్షలాది జనం నడిచే అటువంటి చోట ఒక ప్రచారచిత్రం ముందు మనిషి నిలిచేది కొద్ది క్షణాలే. ఆ క్షణాలలో మనస్సులో ముద్రపడినదే ఇంటికి వెళ్తుంది.

ఇక్కడనే కాక బడిగోడలపైనా, ఆసుపత్రి వరండాలలోనూ తరచు కనబడే ఒక బొమ్మను పరిశీలించవచ్చు. కోరలు పెంచిన పెద్ద దోమ. దాని కింద నల్లని మురుగుకాలువ. పైన “డెంగ్యూ, మలేరియాల నుంచి కాపాడుకోండి” అన్న హెచ్చరిక. బొమ్మ భయపెడుతుంది. చూసినవాడు మరచిపోడు. కళగా అది సఫలమే. కాని అది చెప్పేది ఏమిటి?

డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ దోమ సాధారణంగా మురుగుకాలువలో పుట్టదు. కూలరులోను, పూలకుండీ కింది పళ్లెంలోను, మూతలేని డ్రమ్ములోను, పాత టైరులోను నిలిచిన తేటనీటిలో పుడుతుంది. పగటిపూట కుడుతుంది. దాని గ్రుడ్లు నీటి అంచుకు కొద్దిగా పైన పాత్ర గోడకు అంటుకొని, నీరు ఇంకిపోయినా నెలల తరబడి బ్రతికి ఉండగలవు. కాబట్టి నీరు పారబోస్తే చాలదు, పాత్ర గోడను రుద్ది కడగాలి. నగరాలలో మలేరియాను మోసే అనాఫిలీస్ దోమ కూడా మిద్దెమీది తొట్లలోను, బావులలోను పెరుగుతుంది. మురుగునీటిని ఇష్టపడేది క్యూలెక్స్ దోమ. దానివల్ల వచ్చేది బోదకాలు. అంటే ఆ చిత్రం ఒక జబ్బు బొమ్మను మరొక జబ్బు పేరుతో చూపుతున్నది.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. ఇంటి ఇల్లాలు ఆ బొమ్మ చూసి, మా వీధిలో మురుగుకాలువ లేదు గదా అని నిశ్చింతగా ఉంటుంది. ఆమె కూలరులో నీరు అట్లాగే ఉంటుంది. గ్రుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అజంతా నకలులో తప్పు దొర్లితే చరిత్రకు నష్టం. ఈ బొమ్మలో తప్పు దొర్లితే ఆ ఇంటి బిడ్డకు జ్వరం.

సరియైన బొమ్మ వేయడానికి గొప్ప కళాకారుడు అక్కరలేదు. కాళ్లపై తెల్లని పట్టీలున్న చిన్నదోమ, దాని అసలు పరిమాణం తెలిపే చిన్న గీత, ఒక కూలరు, దాని లోపలిగోడను కొబ్బరిపీచుతో రుద్దుతున్న ఒక చేయి చాలు. భయపెట్టే కోరలకన్న ఆ చేయి ఎక్కువ పని చేస్తుంది. ఏమి చేయాలో అది చూపుతుంది గనుక.

ఈ సందర్భంలో రొనాల్డ్ రాస్ జ్ఞాపకం రావడం సహజం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన అనాఫిలీస్ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమికి సంబంధించిన కణాలను కనుగొన్నాడు. ఆయన కవి కూడా; ఆ ఆనందంలో పద్యం వ్రాశాడు. కాని లోకాన్ని ఒప్పించినది పద్యం కాదు. సూక్ష్మదర్శినిలో చూసిన కణాలను నోటుపుస్తకంలో గీసి పెట్టిన ఓపిక, ఆ తరువాతి ప్రయోగాలు లోకాన్ని ఒప్పించినవి.

తరగతి గదిలో చేయదగినవి

ఈ పరిశీలననుంచి ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలను తమ తరగతిగదికి తీసుకొనిపోవచ్చు. ప్రదర్శనకు విద్యార్థి తెచ్చిన ఏ పటాన్నైనా, నమూనానైనా ఈ మూడిటితో పరీక్షించవచ్చు. ఇందులో చూసినది ఎంత, ఊహించినది ఎంత? ఉన్న పరిమాణానికి గీసిన పరిమాణం ఎన్నింతలు? దీనిని చూసినవాడు ఇంటికి వెళ్లి ఏమి చేస్తాడు? మూడింటికీ సమాధానం బొమ్మలోనే దొరికితే ఆ బొమ్మ ఉత్తమమైనది. రంగులు ఎంత బాగున్నా సమాధానం దొరకకపోతే దానిని మళ్లీ గీయించాలి.

ఇందుకు ఇటలీ నిపుణుల నేర్పు ఏమీ అక్కరలేదు. ప్రతి విద్యార్థి చేతిలోనూ ఒక పెన్సిలు ఉన్నది. కంటితో చూసిన అంచును నిండుగీతతోనూ, తర్కంతో ఊహించిన అంచును చుక్కలగీతతోనూ గీయడం నేర్పితే చాలు. యంత్రచిత్రణలో ఇంజనీర్లు కంటికి కనబడని అంచులను తెగిన గీతలతో చూపుతారు. పురాతత్త్వవేత్తలు పగిలిన కుండలో లేని భాగాన్ని అట్లాగే పూరిస్తారు. చుక్కలగీత అజ్ఞానానికి గుర్తు కాదు, నిజాయితీకి గుర్తు అని బాల్యంలోనే తెలియాలి.

పటానికే ఈ నియమం పరిమితం కాదు. బుర్రకథలో నడుమ కథకుడు, ఇరుపక్కల ఇద్దరు వంతలు ఉంటారు. ఒక వంత లోకవ్యవహారం మాట్లాడుతాడు. మరొక వంత హాస్యం చెప్తాడు. చెప్పేవానిని మధ్యలో ఆపి అడిగే హక్కు ఈ కళారూపంలోనే ఇమిడి ఉన్నది. “నీళ్లు అద్దంలా ఉన్నాయి, ఇందులో దోమేమిటి గురూ?” అని హాస్యపు వంత అడిగితే ప్రేక్షకుల మనస్సులోని అనుమానమే బయటపడుతుంది. దానికి కథకుడు చెప్పే సమాధానం ఉపన్యాసంకన్న లోతుగా నాటుకుంటుంది. విద్యార్థులచేత ఆరోగ్యవిషయాలపై ఇటువంటి కథలు వ్రాయించి ఆడించడం కష్టమైన పని కాదు. వంత అడిగే ప్రశ్న మాత్రం నిజమైన ప్రశ్న కావాలి. కథకుని జవాబు సరియైన జవాబు కావాలి.

నాంపల్లి మ్యూజియానికి విద్యార్థులను తీసుకొనిపోయే ఉపాధ్యాయులు అజంతా నకళ్లను చూపేటప్పుడు రాణులనూ ఏనుగులనూ తామరలనూ చూపి ఊరకుండరాదు. పెచ్చులు ఊడినచోట చిత్రకారుడు ఏమి చేశాడో వెతకమని చెప్పాలి. ఆ వెతుకులాటలో పిల్లలకు చిత్రకళా అలవడుతుంది, శాస్త్రదృష్టీ అలవడుతుంది. బొమ్మను మెచ్చుకోవడమూ, బొమ్మను ప్రశ్నించడమూ ఒకే కంటి పనులని వారికి తెలిసివస్తుంది.